అడగడానికి తప్ప ఫోన్ చేయరేం?

సంపాదకులకు నమస్కారం.

జనంలో దానగుణం తగ్గిపోయిందనీ, ఇదివరకటిలా విరాళాలు రావడం లేదనీ స్వచ్ఛంద సంస్థల వాళ్లు వాపోవడం ఈమధ్య మీ జిల్లా పేజీల్లో తరచుగా కనిపిస్తోంది. ఆ మాట నాకు మింగుడుపడక ఈ ఉత్తరం రాస్తున్నాను, కాస్త పొడుగైంది, కత్తిరించుకోవడం మీ ఇష్టం. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా ఊళ్లో ఒక చిన్న ట్రస్టు ఉంది, పల్లెల నుంచి వచ్చి ఇక్కడ చదువుకునే కుర్రాళ్లకి హాస్టల్ నడుపుతుంది, దానికి జీతం లేకుండా లెక్కలు రాసిపెడుతున్నాను. ఇంకోపక్క నా పెన్షన్లోంచి రెండు మూడు సంస్థలకి ఎంతో కొంత పంపుతుంటాను కూడా. అంచేత అడిగేవాళ్ల అవస్థా తెలుసు, ఇచ్చేవాళ్ల చిరాకూ తెలుసు. నేను చూసినంతలో జనం బాగానే ఇస్తున్నారండి. కాకపోతే ఒకసారి ఇచ్చాక మళ్లీ పలకరించని సంస్థకి రెండోసారి ఇవ్వడానికి చెయ్యి రావడం లేదు.

అనుమానం ఉంటే 2024 సెప్టెంబరు గుర్తు చేసుకోండి. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు ఎవరూ ఎవర్నీ బతిమాలలేదు. పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వ్యాన్లలో వచ్చిపడ్డాయి. ఫోన్‌పేలో వందో రెండొందలో వేసినవాళ్లకి లెక్కే లేదు. ఆ వారం డబ్బు పోగుచేసిన సంఘాల్లో ఎన్ని ఆ తర్వాత "ఇంత వచ్చింది, ఇందుకు ఖర్చయింది, ఇంత మిగిలింది" అని ఒక్క కాగితం పంపాయి? నేను డబ్బు వేసిన వాట్సాప్ గ్రూపు వరద తీయగానే మూగబోయింది. మళ్లీ సంక్రాంతి ముందు దుప్పట్ల పంపిణీ అంటూ క్యూఆర్ కోడ్‌తో నిద్రలేచింది. దాని కింద ఒకాయన "ముందు వరద లెక్క చెప్పండి సార్" అని పెడితే, లెక్క చెప్పలేదు సరికదా, సాయంత్రానికల్లా ఆయన్ని గ్రూపులోంచి తీసేశారు. ఆయన తిట్టలేదు, ఆరోపణ చేయలేదు, అడిగాడంతే. ఆ ఒక్కణ్ని తీసేస్తే గ్రూపులో మిగిలినవాళ్లకి ఏం అర్థమవుతుందో ఆ అడ్మిన్‌కి తట్టలేదు.

ఇంకో సంస్థ సంగతి చెబుతాను, పేరు అనవసరం. ఏళ్ల తరబడి నెలకి ఐదొందలు నా కార్డు మీంచి వాళ్లకి వెళ్లేవి. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన మారింది. నెలనెలా దానంతటదే డబ్బు కట్టయ్యే పద్ధతికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకి మెసేజ్ రావాలి, పాత అనుమతులు కూడా మళ్లీ కొత్తగా ఇచ్చుకోవాలి. మంచి నిబంధనే, నేను తప్పుపట్టను. కానీ ఆ దెబ్బకి నా విరాళం ఆగిపోయింది. వాళ్లు ఒక్క ఫోన్ చేసి "ఏవండీ, ఈ నెల మీ డబ్బు రాలేదు, బ్యాంకు రూలు మారింది, ఇలా చేస్తే మళ్లీ మొదలవుతుంది" అని ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయే పని. ఎవరూ చేయలేదు. మార్చి నెలాఖర్లో మాత్రం కాల్ సెంటర్ నుంచి ఒక అమ్మాయి "సర్, మేము అనాథ పిల్లల కోసం పనిచేసే సంస్థ నుంచి మాట్లాడుతున్నాము, మీరు ఇంతకుముందు ఎప్పుడైనా డొనేట్ చేశారా సర్" అని మొదలుపెట్టింది. పాపం ఆ పిల్ల తప్పేముంది, ఆమె ముందున్న కంప్యూటర్లో నా సంగతేమీ లేదు, ఒక ఫోన్ నంబరూ, చదవాల్సిన నాలుగు ముక్కలూ ఉన్నాయి.

బ్యాంకు మనిషిగా ఒక మాట చెబుతాను. దాతలు "వదిలేశారు" అని సంస్థలు రాసుకునే వాళ్లలో బోలెడుమంది తాము వదిలేసిన సంగతి వాళ్లకే తెలియదు. కార్డు గడువు అయిపోతుంది, కొత్త కార్డు వస్తుంది, పాత నంబరు మీద పెట్టిన విరాళం ఆగిపోతుంది. ఉద్యోగం మారితే జీతం ఖాతా మారుతుంది. బ్యాలెన్స్ లేని రోజున బ్యాంకుకి ఆదేశం వెళ్లి తిరిగొస్తుంది, దానికి దాత ఖాతాలో చార్జీ పడుతుంది, మూడొందల విరాళానికి అంతకు మించిన చార్జీ పడితే ఏ మనిషికైనా ఒళ్లు మండుతుంది. పెన్షనర్లకి నెలాఖర్న, ఉద్యోగస్తుల్లో చాలామందికి ఒకటో తారీఖు అటూ ఇటూగా డబ్బు పడుతుంది కదా, విరాళం తేదీ ఐదో తారీఖున పెట్టుకోండి అని ఒక్క సలహా ఇస్తే సగం గొడవ ఉండదు. ఒక నెల డబ్బు రాకపోతే ఆ వారంలోనే ఫోన్ చేయాలి, డబ్బు అడగడానికి కాదు, అంతా కులాసాయేనా అని అడగడానికి. మా హాస్టల్‌కి ఇచ్చే ఒకావిడ దగ్గర్నుంచి డబ్బు ఆగిపోతే ఫోన్ చేశాం, వాళ్లాయన ఆసుపత్రిలో ఉన్నారట. మేం విరాళం ఊసెత్తలేదు, ఆయన ఎలా ఉన్నారో మాట్లాడి పెట్టేశాం. కొన్నాళ్లకి ఆవిడే మళ్లీ మొదలుపెట్టింది, ఆగిన నెలలవి కూడా కలిపి పంపింది. వద్దన్నా వినలేదు.

మనవాళ్లకి ఇది చేతకాక కాదు. పెళ్లిలో చదివింపులు రాసిన పుస్తకం ఎన్నేళ్లయినా బీరువాలో భద్రంగా ఉంటుంది, ఎవరు ఎంత చదివించారో చూసుకుని వాళ్లింట్లో శుభకార్యానికి అంతకి తగ్గకుండా పట్టుకెళతాం. అలాంటి ఇళ్లలోంచి వచ్చినవాళ్లే ట్రస్టు పెట్టాక గత ఏడాది ఎవరిచ్చారో చూసుకోకుండా ఊరందరికీ ఒకటే మెసేజ్ కొడతారు. పదివేలు ఇచ్చిన మనిషికీ, ఎన్నడూ పైసా ఇవ్వని మనిషికీ అదే మెసేజ్, "ప్రియమైన దాతకు" అంటూ.

మార్చి వచ్చిందంటే ఇంకో రకం మొదలు. "సర్, 80జీ ఉంది సర్, ఫిఫ్టీ పర్సెంట్ మీకు వెనక్కొచ్చేస్తుంది సర్." 80జీ అంటే విరాళాలకి పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్. కానీ సగం వెనక్కొస్తుందనేది వట్టి అబద్ధం, తెలిసి చెప్పేవాళ్లూ ఉన్నారు, తెలియక చెప్పేవాళ్లూ ఉన్నారు. చాలా ట్రస్టులకి ఉన్నది 50 శాతం మినహాయింపు, అది పన్నులో కాదు, ఆదాయంలో. వెయ్యి రూపాయలిస్తే ఐదొందలు మీ ఆదాయంలోంచి తీసి లెక్కగడతారు, మీరు 20 శాతం శ్లాబులో ఉంటే మిగిలేది వంద రూపాయలు, సెస్సుతో కలిపి నూట నాలుగు. పైగా దీనికి ఆదాయాన్నిబట్టి పరిమితి కూడా ఉంటుంది. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే అసలు మినహాయింపే రాదు. ఇక కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఈ మినహాయింపు లేనే లేదు, 2023-24 నుంచి మనం ప్రత్యేకంగా వద్దంటే తప్ప అందరికీ కొత్త విధానమే వర్తిస్తోంది. అంటే జీతగాళ్లలో చాలామందికి ఈ ఎర పనికిరాదు. పన్ను పేరు చెప్పి తెచ్చుకున్న దాత పన్ను రూలు మారగానే వెళ్లిపోతాడు, ఇందులో వింతేముంది? ఐదొందలు వెనక్కొస్తాయని నమ్మి ఇచ్చినాయన జూలైలో రిటర్ను వేసేటప్పుడు ఆడిటర్ నోట అసలు సంగతి వింటాడు. మళ్లీ ఆ సంస్థ ఫోన్ ఎత్తుతాడా?

పన్ను మినహాయింపు కోరుకునే దాతలకైనా కాగితం సరిగ్గా ఇస్తున్నామా అంటే అదీ లేదు. 2021-22 నుంచి రసీదు ఒక్కటే చాలదు. సంస్థ తనకొచ్చిన విరాళాల వివరాలు 10బీడీ ఫారంలో మే 31లోగా ఆదాయపు పన్ను శాఖకి పంపాలి, అప్పుడు పోర్టల్‌లో 10బీఈ అనే సర్టిఫికెట్టు తయారవుతుంది, దాన్ని దాతకి అందజేయాలి. ఆలస్యమైతే రోజుకి 200 రూపాయల రుసుము. పాన్ నంబరులో ఒక్క అక్షరం తప్పు పడినా దాత రిటర్నులో అది తేలదు. డబ్బు తీసుకునే రోజునే పాన్ ఒకటికి రెండుసార్లు చూసుకోవడం, జూన్ మొదటి వారంలోనే దాత అడక్కుండా సర్టిఫికెట్టు వాట్సాప్‌లో పెట్టడం, అంతే చేయాల్సింది. చూడ్డానికి గుమస్తా పనిలా ఉంటుంది గానీ, దాత దృష్టిలో సంస్థ పద్ధతిగా ఉందా లేదా అనేది తేలేది ఇక్కడే. నాలుగుసార్లు ఫోన్ చేయించుకుని ఆగస్టులో పంపితే ఎంత గొప్ప సేవ చేస్తున్నా ఆ మనిషి మనసు విరిగిపోతుంది.

జాలి సంగతి కూడా చెప్పాలి. యూట్యూబ్ తెరిస్తే ముక్కులో గొట్టాలతో పసిపిల్ల, ఏడుస్తున్న తల్లి, వెనక వయొలిన్. వాట్సాప్‌లో అయితే ప్లేటు పట్టుకుని వరసగా నుంచున్న పిల్లల ఫోటో, కింద "రేపటికి బియ్యం లేవు". ఏ నెల చూసినా రేపటికి బియ్యం ఉండవు! రెండేళ్లుగా రేపటికి బియ్యం లేని సంస్థ ఎలా నడుస్తోందని ఎవరికైనా సందేహం రాదా? పైగా సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపడనీయకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 74వ సెక్షన్ ఉంది, అతిక్రమిస్తే ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. చట్టం సంగతి అటుంచండి. అనాథాశ్రమంలో పెరిగిన కుర్రాడు రేపు డిగ్రీలో చేరాక వాడి క్లాసువాళ్లకి ఆ ఫోటో కనబడితే వాడి పరిస్థితి ఏమిటి? పుట్టినరోజు కేకు ఎవరిదో, పట్టుకుని నవ్వాల్సింది వీళ్లు, ఫేస్‌బుక్‌లోకి ఎక్కేది వీళ్ల మొహాలు.

జాలిపడితే తప్ప జనం ఇవ్వరనేది కూడా నిజం కాదు. మా రాజమండ్రి చరిత్రే చూడండి. 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఊరంతా ఎదురుతిరిగింది, వెలి వేసింది. ఆ పనికి వెనక నిలబడి డబ్బిచ్చినవారు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు. పేరు రాకపోగా తిట్లు వచ్చే దానం అది. ఎవరి కన్నీళ్ల ఫోటోలూ చూపించలేదు ఆయనకి, ఇది న్యాయమైన పని అని ఒప్పించగలిగారు. ఇప్పటి దాత కూడా తెలివైనవాడేనండి, విషయం చెబితే వింటాడు. హాస్టల్‌లో ఒక కుర్రాడికి నెలకి ఎంతవుతుంది, అందులో తిండికెంత, కరెంటుకెంత, ఫీజులో ప్రభుత్వం కట్టేది పోను మిగిలేదెంత, ఇవన్నీ చెబితే బోరు కొడుతుందని మా ట్రస్టులోనే కొందరన్నారు. తీరా చూస్తే ఎక్కువ ప్రశ్నలొచ్చింది దాని మీదే. ఒక రిటైర్డ్ కరెంటాఫీసు ఆయన మా బిల్లు చూసి, మీరు తప్పు కేటగిరీలో కడుతున్నారు, మార్పించుకోండి అని తనే వచ్చి దరఖాస్తు రాసిపెట్టాడు. అది ఆయనిచ్చే విరాళం కంటే పెద్ద సాయం.

గుళ్లని చూసి నేర్చుకోవాల్సింది కొంత ఉంది. ఫ్యాను రెక్కల మీద దాత పేరు, ట్యూబులైటు వెలుతురు కనిపించకుండా దాని మీద దాత వంశవృక్షం, ఆ సంగతి కాదు నేనంటున్నది. శాశ్వత అన్నదానం పథకం ఉంటుంది చూడండి, ఒకసారి డబ్బు కడితే ఏటా మనం చెప్పిన తిథినాడు మన పేరున అన్నదానం చేస్తారు, ఆ పద్ధతిలో ఉన్న కిటుకు వేరు. దాత ఇచ్చిన డబ్బుకి ఒక తేదీ ఉంది, ఆ తేదీన ఏం జరుగుతుందో అతనికి తెలుసు. తెలివైన వృద్ధాశ్రమాల వాళ్లు కూడా ఇదే చేస్తారు, ఒక రిజిస్టరు పెట్టుకుని, "అమ్మా, వచ్చే బుధవారం మీ నాన్నగారి తిథి కదండీ, ఈసారి కూడా భోజనాలు పెట్టిస్తారా, లేదంటే మేమే చూసుకుంటాం, పర్లేదు" అని వారం ముందు ఫోన్ చేస్తారు. ఆ చివరి మాట ముఖ్యం. పెట్టించకపోతే తప్పన్నట్టు మాట్లాడితే మళ్లీ ఏడాది ఫోనే ఎత్తరు.

దూరాన ఉన్న దాతని ఎలా నిలుపుకోవాలో చూడాలంటే అనంతపురం వెళ్లాలి. 1969లో స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) అనే సేవాసంస్థకి దశాబ్దాలుగా స్పెయిన్‌లో మామూలు జీతగాళ్లు నెలనెలా చిన్న చిన్న మొత్తాలు పంపుతూ వచ్చారు. ఒక్కొక్కరికి ఒక్కో పిల్లో పిల్లాడో. ఆ పిల్లల నుంచి వాళ్లకి ఉత్తరాలు వెళతాయి, బొమ్మలు వేసి పంపుతారు. వాటిని చూసుకుని కొందరు అంత దూరం నుంచి అనంతపురం పల్లెలకి వచ్చి ఆ కుటుంబాలతో కూచుని వెళతారు. డబ్బు ఆ ఒక్క పిల్లకే కాకుండా ఊరి బాగుకీ వెళుతుందని వాళ్లకి ముందే తెలుసు. ఫెర్రర్ గారు 2009లో పోయారు, అయినా సంబంధం తెగలేదు. భాష తెలియని, మన ఎండ ఎరగని మనిషి అన్నేళ్లు ఇస్తూ ఉన్నాడంటే ఆ ఉత్తరాల పాత్ర తక్కువేం కాదు. మన ఊళ్లో ఉన్న దాతకి మనం ఒక పోస్టుకార్డు రాయం.

రాయకపోవడానికి మా ట్రస్టు సమావేశంలో ఒక పెద్దాయన చెప్పిన కారణం: "సేవ చేసేవాడికి చెప్పుకోవడం ఎందుకండీ, డొక్కా సీతమ్మగారు ఎవరికి రిపోర్టులు రాసింది?" గోదావరి జిల్లాల్లో ఈ మాటకి తిరుగు లేదనుకుంటారు. కానీ లంకల గన్నవరంలో ఆకలన్నవాళ్లకల్లా ఆ తల్లి పెట్టింది తన పొలం గింజలు, తన ఇంటి డబ్బు. ఆవిడ ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. ఇంకొకరి డబ్బుతో అన్నం పెట్టేవాళ్లం మనం, ఆవిడతో మనకి పోలికేమిటి?

లెక్క విషయంలో గాంధీగారి అనుభవం బాగుంటుంది. 1894లో దక్షిణాఫ్రికాలో నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ పెట్టినప్పుడు నెలకి కనీసం 5 షిల్లింగుల చందా అన్నారు. మొదట్లో అందరూ ఉత్సాహంగా పేర్లు రాయించుకున్నారు, తర్వాత వసూలు కాలేదు. గుమస్తా రోజంతా చందాల కోసమే తిరిగి తిరిగి విసిగిపోయాడు. అప్పుడు నెల చందా తీసేసి ఏడాదికి 3 పౌండ్లు, అదీ ముందుగానే అని మార్చారు. టోంగాట్‌లో ఒకాయన ఇంటికి భోజనానికి వెళ్లి, ఆయన 6 పౌండ్లు ఇస్తాడనుకుంటే 3 కంటే ఇవ్వనన్నాడని, ఆకలి మీదే రాత్రంతా కూర్చుండిపోయారు, తెల్లవారుజామున ఆయన 6 పౌండ్లూ ఇచ్చి భోజనం పెట్టాడు. (ఈ పద్ధతి మాత్రం ఇప్పుడు పాటించకండి, పోలీసుల్ని పిలుస్తారు.) ఆ డబ్బు ఎంత చిన్నదైనా ప్రతిదానికీ రసీదు ఇచ్చారు, 1894 నాటి లెక్కల పుస్తకాలు ఇప్పటికీ దొరుకుతాయని ఎన్నో ఏళ్ల తర్వాత ఆత్మకథలో ధీమాగా రాసుకున్నారు. అంత గట్టిగా అడగగలిగారంటే అంత గట్టిగా లెక్క చెప్పగలరు కాబట్టే.

మన సంస్థలు దాచే లెక్క ఒకటుంది, ఆఫీసు ఖర్చు. "మీరిచ్చే ప్రతి రూపాయీ పిల్లలకే" అని బ్యానరు కడతారు. అద్దె ఎవరు కడుతున్నారు, వంటమనిషి జీతం ఎక్కణ్నుంచి, ఆడిటర్ ఫీజు ఎవరి జేబులోంచి? విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలు పాలనా ఖర్చులకి 20 శాతం మించి వాడకూడదని 2020లో చట్టం మార్చారు, అంతకుముందు అది 50 శాతం ఉండేది. చట్టమే ఇరవై దాకా ఒప్పుకుంటున్నప్పుడు అసలు ఖర్చే లేదని మనమెందుకు బుకాయించాలి? వార్డెన్‌కి నెలకి ఇంత ఇస్తున్నాం, ఆయన రాత్రిళ్లు అక్కడే పడుకుంటాడు కాబట్టి పిల్లలు భద్రంగా ఉన్నారు అని చెబితే ఏ దాతా కాదనడు. దాచిపెట్టి, ఎవరో బయటపెడితేనే దొంగతనంలా కనబడుతుంది.

చెడ్డ వార్తలూ అంతే. ఒక ఏడాది మా హాస్టల్ కుర్రాళ్లు కొందరు మధ్యలోనే చదువు మానేసి పనుల్లో చేరిపోయారు. దాతలకి చెప్పాలా వద్దా అని పెద్ద చర్చ. చెబితే డబ్బు ఆగిపోతుందని అందరికీ టెన్షన్. ఆఖరికి ఉన్నదున్నట్టు రాసి పంపాం, ఎందుకు మానేశారో కూడా రాశాం, ఇంట్లో అప్పు ఒకరిది, ఇంగ్లీషు మీడియం తట్టుకోలేకపోవడం ఇంకొకరిది. డబ్బు ఆపినవాళ్లు లేకపోలేదు. కానీ ఒక రిటైర్డ్ లెక్చరరు గారు ఆదివారాలు వచ్చి ఇంగ్లీషు చెబుతానన్నారు, చెబుతున్నారు. గెలిచిన కథలే రాసే సంస్థకి ఆ లెక్చరరు దొరకడు, ఎందుకంటే అక్కడ తన అవసరం ఉందని ఆయనకి తెలిసే దారే లేదు.

ఇక రాసే తీరు. ఒక పెద్ద సంస్థ నుంచి నాకు ఏటా నిగనిగలాడే కాగితం మీద ఇంగ్లీషులో వార్షిక నివేదిక వస్తుంది. అది ఏ కంపెనీ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) విభాగం కోసమో చేసింది, వాళ్ల లాభాల్లో 2 శాతం వీళ్లకి రావాలి కాబట్టి. తప్పులేదు, అదే పుస్తకం నెలకి మూడొందలిచ్చే మా పక్కింటి టైలరుకి కూడా పంపడమే తప్పు. తెలుగులో రాస్తే పోనీ అంటే, "సమగ్ర సాధికారత దిశగా మా ప్రస్థానంలో భాగస్వాములైన మీకు హృదయపూర్వక అభినందనలు" అని వస్తుంది. ఎవరండీ ఇలా మాట్లాడేది? మా ట్రస్టులో నేను పట్టుబట్టి మార్పించాక వెళ్లే మెసేజ్ ఇలా ఉంటుంది:

"మాస్టారూ, నమస్తే. జూన్‌లో మీరు పంపిన రెండు వేలు బియ్యం ఖాతాలో వేశాం. ఈ నెల 25 కిలోల బస్తాలు 19 పట్టాయి, బస్తా 1,400. నీళ్ల మోటారు కాలింది, వైండింగ్ చేయించాం, దానికి వేరే దాత సర్దారు. రెండో ఏడాది డిప్లొమా కుర్రాళ్లకి వచ్చే వారం పరీక్షలు. ఇప్పుడు డబ్బేమీ పంపక్కర్లేదు, చెబుదామని రాశాను."

ఆ ఆఖరి వాక్యం చదివి ఫోన్ చేసినవాళ్లున్నారు, "డబ్బు వద్దని రాసిన ట్రస్టుని ఇదే చూడ్డం" అని. నెలకి ఒకటి చాలు. రోజూ గుడ్‌మార్నింగులూ, పండగ శుభాకాంక్షలూ, అధ్యక్షుల వారి పుట్టినరోజు ఫ్లెక్సీ ఫోటోలూ పంపితే అసలు మెసేజ్ కూడా వాటి కిందే సమాధి. దాత నంబరు ఇంకో సంస్థకి ఇవ్వకపోవడం కూడా మర్యాదే. ఒకచోట ఇచ్చిన వారానికి ఎప్పుడూ వినని నాలుగు సంస్థల నుంచి ఫోన్లు వస్తే మనకి తెలియదా నంబరు ఎలా వెళ్లిందో? వ్యక్తిగత వివరాల రక్షణకి 2023లో చట్టమే వచ్చింది, ట్రస్టుల వాళ్లు ఒకసారి ఆడిటర్ని అడిగి తెలుసుకుంటే మంచిది.

పేదరికం పోగొట్టాలని మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఉగాదినాడు మొదలుపెట్టిన పీ4 కార్యక్రమం గురించి కూడా ఇక్కడే ఒక ముక్క. ఉన్నవాళ్లు మార్గదర్శులుగా ఉండి, బంగారు కుటుంబాలని పేరుపెట్టిన పేద కుటుంబాలని పైకి తేవాలనేది ఆలోచన, బాగుంది. దత్తత తీసుకున్న రోజు సభ, దండలు, ఫోటోలు అన్నీ ఉంటాయి. ఏడాది తిరిగాక ఆ కుటుంబం ఎక్కడుందో మార్గదర్శికి చెప్పే మనిషి ఎవరనేది ఇప్పుడే తేల్చుకోకపోతే మన ట్రస్టులకి పట్టిన జబ్బే దానికీ పడుతుంది. సచివాలయంలో ఒకరికి ఆ పని పేరుపెట్టి అప్పగించాలి.

చివరిగా మీకే ఒక విన్నపం, ఏమీ అనుకోకండి. మీ జిల్లా పేజీలో వారానికి రెండు మూడైనా పెద్ద చెక్కు ఫోటోలు పడతాయి, తలుపంత చెక్కు, దాన్ని పట్టుకుని పదిమంది, ఆ పదిమందిలో ఆ డబ్బు అవసరమైనవాళ్లు ఒక్కరూ కనిపించరు. ఆ ఫోటోలు వేయొద్దని అనను, దాతలకి అదో ముచ్చట. కానీ గత ఏడాది ఇదే నెలలో వేసిన చెక్కుల్లోంచి ఒక్కటి తీసి, ఆ డబ్బుతో ఏం కొన్నారో, అది ఇప్పుడు పనిచేస్తోందో లేదో మీ విలేకరిని వెళ్లి చూసి రాయమనండి. మా ట్రస్టుతోనే మొదలుపెట్టినా అభ్యంతరం లేదు, రిజిస్టర్లు ఆదివారం తప్ప ఏ రోజైనా సాయంత్రం ఐదు తర్వాత చూపిస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
రాజమహేంద్రవరం